నీలి పట్టీ పారలు

నెల్లూరు,
14 నవంబరు 1960.

ప్రియమైన అక్కకు,

హెబ్రోను వందనాలు. మేం బాగున్నాం. పాపకు రెండో పన్ను వచ్చింది. వచ్చిన రోజే వాళ్లమ్మ కరుణ వేలు కొరికి దాని పదును చూపించింది.

అసలు సంగతి ముందే రాస్తాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరికి దూకి మళ్లీ మొదటికొస్తావు. పారలు మంజూరయ్యాయి. మన తాటిదిబ్బలో పన్నెండు ఇళ్లకు పన్నెండు పారలు!

మొన్న సహాయ సంఘం కమిటీలో ఈ మాట వచ్చినప్పుడు సెక్రటరీ క్రీస్తుదాసుగారు నవ్వారు. "పార కూడా లేని రైతు ఉంటాడా హెబ్రోనూ?" అన్నారు. గుమాస్తాను, నేను లేవకూడదు. అయినా లేచాను. మా అక్క ఆ ఊళ్లో పదిహేనేళ్లుగా పంతులమ్మ అనీ, అక్కడ పారలున్నది పెద్దరైతు రమణయ్యగారి ఇంట్లోనే అనీ చెప్పాను. ఒకరోజు పార కావాలంటే ముందు రెండు రోజులు ఆయన చేలో పని చెయ్యాలి, ఆ రెండు రోజుల్లో వీళ్ల దొరువుల్లోకి ఇసుక జారి నీళ్లు అడుగంటిపోతాయి, మొక్క ఎండిపోతుంది అన్నాను. దొరువంటే ఏమిటని ఒకాయన అడిగారు. ఇసుకలో వాలుగా తవ్వుకునే నీటిగుంట అండీ, కడవతో లోపలికి దిగి ముంచుకొచ్చి చెట్టు చెట్టుకూ పోస్తారు అన్నాను.  నాకే నా మాటలు కొత్తగా వినిపించాయి.

నువ్వు చెప్పినట్టే గూడూరు కమ్మరి దగ్గర చేయిస్తున్నాం, మనవాళ్లు వాడే పొట్టి కర్రతోనే. సంఘం గుర్తుగా కర్రకు నీలిరంగు పట్టీ వేయిస్తాం. డిసెంబరు నాలుగో తేదీ ఆదివారం నేనే తీసుకొస్తాను. అందరూ వేలిముద్రకు సిద్ధంగా ఉండాలి.

నీ తమ్ముడు,
హెబ్రోను

తాటిదిబ్బ,
12 డిసెంబరు 1960.

చిరంజీవి హెబ్రోనుకు,

అక్క దీవెనలు. నువ్వు ఆ రోజు బూట్లతో ఇసుకలో నడిచిన తీరు బడిపిల్లలు ఇప్పటికీ నటించి చూపిస్తున్నారు. నీ ప్రసంగం కూడా కొంచెం పొడుగైంది. సమాధానం తాత మధ్యలో కునుకు తీశాడు. నువ్వు చూడలేదనుకుంటాను.

పారల సంగతి చెబుతాను. ఏసుమణి పొద్దున పొలం నుంచి రాగానే ముందు పార కడుగుతాడు, తర్వాతే తన కాళ్లు. అతని భార్య పుష్పకుమారి దెప్పుతూ ఉంది: "నన్ను పెళ్లి చేసుకున్నప్పుడు కూడా ఇంత ముచ్చట పడలా ఈయన." అతను ఊరికే నవ్వుతాడు.

వానలు మోసం చేశాయిరా. అక్టోబరులో రెండు రోజులు కురిసి మబ్బు మళ్లీ కనిపించలేదు. వేసిన రాగి ఎండిపోయింది. వేరుశనగ గుప్పెడు కూడా రాదు. పోయిన నెలలో తెగులొచ్చి కోళ్లన్నీ పోయాయి. ఉన్న ఆశంతా దొరువుల మీదే. అందరూ మిరపనారు పోశారు. అయితే ఈ ఏడు ఎవరూ ఎవరి చేతికిందా లేరు. నీళ్లు దిగినప్పుడల్లా ఎవరి దొరువు వాళ్లు ఎవరి పారతో వాళ్లు తోడుకుంటున్నారు. పంట మార్చి చివరికి చేతికొస్తుంది.

రమణయ్యగారు మాత్రం నన్ను దారిలో ఆపి, "మీ తమ్ముడు మా కూలీలను ఎత్తుకుపోయినాడమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. చెడ్డమనిషి కాదు.

కరుణ దగ్గు తగ్గిందా? తమలపాకు రసం తేనెతో ఇవ్వు. డాక్టరు మందు కూడా ఇవ్వు, నా మాట విని అది మానకు.

అక్క,
రెబెక్కమ్మ

నెల్లూరు,
20 జనవరి 1961.

ప్రియమైన అక్కకు వందనాలు.

కరుణ దగ్గు పోయింది. ఏ మందు పనిచేసిందో తెలియదు కాబట్టి నీదే అనుకో.

ఫిబ్రవరి పన్నెండున మన కోతల పండుగకు గూడూరు పాస్టరుగారితో పాటు కమిటీలో ముగ్గురు పెద్దలు వస్తున్నారు. పారలిచ్చిన ఊరు ఎలా ఉందో చూడాలని వాళ్ల కోరిక. నాకు ఆ వారం లెక్కల తనిఖీ, రాలేను. అందుకే ముందుగా రాస్తున్నాను.

అక్కా, పోయినేడు మన ఊరి కానుకలు రెండు గుమ్మడికాయలు, ఒక కోడిపెట్ట. పాస్టరుగారు సభలో ఆ మాట చెప్పినప్పుడు కొందరు నవ్వారు. ఈసారి అలా కాకూడదు. వానలు లేవని తెలుసు. అయినా ఇవ్వాలన్న మనసుంటే ఏదో ఒకటి దొరుకుతుంది. ఆదివారం ఆరాధనలో నా మాటగా ఇది అందరికీ చదివి వినిపించు: "పారలు అందుకున్న చేతులు దేవుని బల్ల ముందుకు ఖాళీగా రాకూడదు. మన ఊరి గౌరవం, నా గౌరవం మీ చేతుల్లో ఉంది."

కాస్త గట్టిగా చదువు. నీ గొంతు పిల్లల దగ్గర లేచినట్టు పెద్దల దగ్గర లేవదు.

నీ తమ్ముడు,
హెబ్రోను

తాటిదిబ్బ,
16 ఫిబ్రవరి 1961.

హెబ్రోనూ,

క్షేమం. నువ్వు రాసింది ఆదివారం చదివి వినిపించాను. గట్టిగానే చదివాను. పండుగ రోజు ఎవరూ ఖాళీ చేతులతో రాలేదు. వచ్చిన పెద్దలు చాలా సంతోషపడి వెళ్లారు. రమణయ్యగారు పందిరి వేయించారు, కుర్చీలు పంపారు, వచ్చి కూర్చున్నారు కూడా.

మన మేక ఈనింది. రెండు పిల్లలు, ఒకటి నల్లది. బడి కప్పు మీద తాటాకు ఎగిరిపోయింది, మూడో తరగతిని చింతచెట్టు కింద కూర్చోబెడుతున్నాను. ఇన్‌స్పెక్టరుగారు వస్తే ఏమంటారో.

పారల సంగతి తర్వాత తీరిగ్గా రాస్తాను. కళ్లు మసకగా ఉన్నాయి, ఇంతకన్నా రాయలేను.

అక్క

నెల్లూరు,
3 మార్చి 1961.

నా ప్రియమైన అక్కకు వేవేల వందనాలు.

ఎంత పని చేశావు! ఈ ఏడు ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటిలో మన తాటిదిబ్బ కానుకే ఎక్కువ. గూడూరు టౌను సంఘం కూడా మన తర్వాతే! క్రీస్తుదాసుగారు సభలో చదివి, "కరువులో ఇంత ఇచ్చారంటే ఆ పారలు ఎంత పని చేశాయో చూడండి" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. ఆఫీసులో ఇప్పుడు నేను తలెత్తుకుని తిరుగుతున్నాను. కరుణ కూడా నన్ను 'పారల దొర' అని ఆటపట్టిస్తోంది.

ఇంకా మంచివార్త. ఏప్రిల్‌లో ఇంకో విడత ఇస్తారు: మళ్లీ పన్నెండు పారలు, నాలుగు గడ్డపారలు, ఇసుక మోయడానికి ఇనుప తట్టలు. ఎండాకాలంలో దొరువులు లోతు చేసుకోవడానికి ఇవి ఉంటే ఇక ఎవరూ గూడూరు మిల్లుల్లోకి కూలికి పోనక్కర్లేదు. దానికి ముందు క్రీస్తుదాసుగారు స్వయంగా వచ్చి చూస్తారట, ఫొటో కూడా తీయిస్తారట. ఈ నెలాఖరుకు తీసుకొస్తాను.

నీ కళ్లకు ఏమైంది? నెల్లూరు రా, డాక్టరుకు చూపిద్దాం.

గర్వంతో,
నీ హెబ్రోను

(కార్డు)
తాటిదిబ్బ, 10 మార్చి 1961.

హెబ్రోనూ, ఇప్పుడు ఎవరినీ తీసుకురావద్దు. ఎండలు ముదిరాయి. మిరప కోత కూడా. నేను చెప్పినప్పుడు రా. నీకు పెద్ద ఉత్తరం రాయాలి, రాస్తున్నాను, పూర్తి కావడం లేదు. అక్క.

నెల్లూరు,
29 మార్చి 1961.

అక్కా,

క్షేమసమాచారాలు రాసే స్థితిలో లేను.

నీ కార్డు చూసి నువ్వు మర్యాదలకు భయపడుతున్నావనుకున్నాను. పెద్దవాళ్లు వస్తే అన్నం పెట్టలేమని అలా రాశావనుకున్నాను. సోమవారం క్రీస్తుదాసుగారిని జీపులో తీసుకొచ్చాను. నువ్వు జీతం కోసం గూడూరు వెళ్లావని బడిపిల్లలు చెప్పారు. సరే, మనుషులను చూద్దాం పదండి అని పొలాల వైపు నడిచాం.

ఏసుమణి రమణయ్యగారి చేలో కాలవ తవ్వుతున్నాడు. చేతిలో నీలి పట్టీ పార. అతనితో ఇంకో నలుగురు, అవే పారలు. మిగిలినవి రమణయ్యగారి గొడ్లచావిడి గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. క్రీస్తుదాసుగారు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. పన్నెండుకు పన్నెండూ!

"ఈ పార ఎవరిది?" అని అడిగాను.

"రమణయ్యగారిది సామీ."

"నీకు నా చేత్తో ఇచ్చింది ఏమైంది?"

తల దించుకున్నాడు. మళ్లీ అడిగితే, "టీచరమ్మను అడగండి సామీ, నేను చెప్పలేను" అన్నాడు. ఆ మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అమ్ముకున్నారు. నాలుగు నెలలైనా కాలేదు. ఎందుకు అమ్ముకుని ఉంటారో నువ్వు చెప్పనక్కర్లేదు, కల్లుపాక దారి నాకూ తెలుసు.

తిరుగుదారిలో క్రీస్తుదాసుగారు చిల్లకూరు దాటాక, "నువ్వు చెప్పిన ఆ దొరువుల కథ చాలా బాగుందయ్యా" అన్నారు. అక్కా, ఆ మాటకు నేను జీపులోంచి దూకేద్దామనుకున్నాను.

మర్నాడే రిపోర్టు రాశాను. పన్నెండు మంది పేర్లూ రాశాను. తాగుడు కోసం పనిముట్లు అమ్ముకున్న ఊరనీ, ఇక దేనికీ అర్హులు కారనీ రాశాను. రెండో విడత వేరే ఊరికి పోయింది. నీకు ఇదంతా తెలుసు. తెలిసే నాతో మేకపిల్లల కబుర్లు చెప్పావు.

హెబ్రోను

తాటిదిబ్బ,
4 ఏప్రిల్ 1961.

నాన్నా హెబ్రోనూ,

ఈ ఉత్తరం ఫిబ్రవరిలో రాయాల్సింది. అప్పటి నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. తప్పు నాది. ముందు అది రాసి, తర్వాత మిగతాది చెబుతాను.

వాళ్లు అమ్మలేదు. దేవునికి ఇచ్చారు.

జనవరిలో నువ్వు రాసిన మాట నేను ఆరాధనలో చదివాను. "పారలు అందుకున్న చేతులు దేవుని బల్ల ముందుకు ఖాళీగా రాకూడదు."  ఇవ్వడానికి ఏముందిరా? రాగి లేదు, గింజ లేదు, కోళ్లు చచ్చాయి, మిరప ఇంకా పూతలో ఉంది. ఆ మాట నేను నీకు తిరిగి రాసి ఉండాల్సింది, "ఈ ఏడు వద్దురా" అని. నా తమ్ముడు కమిటీలో పెద్దమనిషి అయ్యాడు, వాడి మాట పడిపోకూడదు అనుకున్నాను.

పండుగనాడు అందరికన్నా ముందు సమాధానం తాత వచ్చాడు. ఉతికిన తుండుగుడ్డలో చుట్టిన వస్తువేదో తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పితే పార. కడిగి, నూనె రాసి, నీలి పట్టీ మీద మట్టి కూడా లేకుండా తుడిచాడు.  "తాతా, ఇది వద్దు" అని లేవబోయాను. పాస్టరుగారు, పెద్దలు ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు కానుక వెనక్కిస్తే తాత మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? నేను కూర్చుండిపోయాను. తాత వెనకే ఏసుమణి. అతని వెనకే అందరూ. పన్నెండు మంది.

వాళ్లు తెలివితక్కువవాళ్లని అనుకోకు. మన పద్ధతి నీకు మాత్రం తెలియదా? కానుకలన్నీ వేలం వేస్తారు. ఎవరి వస్తువుకు వాళ్లే పాట పాడి, చేతనైంది చెల్లించి, వస్తువును ఇంటికి తెచ్చుకుంటారు. పక్కవాళ్లు పైపాట పాడరు. నీ చిన్నప్పుడు మన ఎర్రపెట్టను మూడేళ్లు వరసగా దేవునికి ఇచ్చి మూడేళ్లూ మనమే తెచ్చుకున్నాం. మనసు దేవునికి పోతుంది, కోడి గంప కిందికి వస్తుంది. పార కూడా అంతే అనుకున్నారు. ఏసుమణి అయితే పాటకని పుష్పకుమారి చెవికమ్మలు కుదువపెట్టి వచ్చాడు.

తాత తన పారకు పాట పాడాడు. రమణయ్యగారు ముందు వరసలో కుర్చీలో ఉన్నారు. మన ఆరాధనకు ఎప్పుడూ రాని ఆయనకు మన పద్ధతి ఏం తెలుసు? పిలిచిన చోట మర్యాద నిలబెట్టాలనుకున్నాడు, పైపాట పాడాడు. ఆయన మనవాళ్ల తరఫునే పాడుతున్నాడనుకుని వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో ఆయనకు ఊపొచ్చింది. రెండోది, మూడోది, అలా అన్నీ పాడేశాడు. మనవాళ్లు ఒక్కొక్కరూ లేచి ఒక్కోసారి పాడి కూర్చున్నారు. ఏసుమణి మాత్రం మూడుసార్లు పాడాడు. నాలుగోసారి నోరు తెరిచి, పైమాట రాక, అలాగే నిలబడ్డాడు. నువ్వు గర్వపడ్డ ఆ పెద్ద కానుక అదేరా.

వారం తర్వాత నేను రమణయ్యగారి ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఏందమ్మా, దేవుడి పాటలో తీసుకున్నది తిరిగిచ్చేస్తే దేవుడి మాట పడేసినట్టు కాదా? కావలసినోళ్లు వాడుకోమనండి, ఎప్పటి మాదిరే" అన్నాడు. ఎప్పటి మాదిరే అంటే నీకు తెలుసు. ఒకరోజు పారకు రెండు రోజుల పని. మిరప సగం పైన దొరువు నీళ్లందక మాడిపోయింది.

ఏసుమణి నీకు ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నీ ఉత్తరం పేరెత్తాలి, నా పేరెత్తాలి, పెద్దాయన ముందు. అందుకని నోరు మూసుకున్నాడు. నువ్వేమో అతన్ని తాగుబోతని రాశావు. అతను మన అమ్మ చచ్చిపోయిన రోజు సమాధి తవ్వినవాడు. కల్లు నోట్లో పోసుకోగా నేను ఈ పదిహేనేళ్లలో చూడలేదు.

నేను ముందే రాయకపోవడానికి కారణం ఒకటే. నువ్వు తలెత్తుకుని తిరుగుతున్నానని రాశావు. దాన్ని దించడానికి నా చెయ్యి రాలేదు.

సిగ్గుతో,
నీ అక్క

నెల్లూరు,
20 ఏప్రిల్ 1961.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పదమూడు రోజులైంది. కరుణకు కూడా చూపించలేదు. చొక్కా జేబులో పెట్టుకుని ఆఫీసుకు పోతున్నాను, వస్తున్నాను.

ఆ రిపోర్టులో నేను రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. అది ఫైల్లో చేరింది. క్రీస్తుదాసుగారు దాన్ని మెచ్చుకున్నారు కూడా, "సొంత ఊరని కూడా చూడలేదు, నిజాయితీ గలవాడివి" అన్నారు. నాకు హెడ్‌గుమాస్తా ఇవ్వాలని మాట నడుస్తోంది. ఇప్పుడు పోయి ఆ నిజాయితీ అంతా అబద్ధమండీ అని ఎలా చెప్పను?

ఒక ఆలోచన వచ్చింది. నువ్వే కమిటీకి ఉత్తరం రాస్తే? పండుగ పద్ధతి గురించి, వేలం గురించి, నీకు తెలిసినట్టు. ఆరాధనలో నా ఉత్తరం చదివిన సంగతి రాయనక్కర్లేదు. టీచరు రాసిందంటే నమ్ముతారు. నేను ఆఫీసులో లోపల నుంచి సాయం చేస్తాను.

ఈ పేరా రాసి రెండుసార్లు చదువుకున్నాను. నాకే అసహ్యంగా ఉంది. అయినా పంపుతున్నాను, ఏం చెయ్యాలో తోచక.

హెబ్రోను

తాటిదిబ్బ,
2 మే 1961.

హెబ్రోనూ,

నేను రాయను.

కోపంతో కాదురా. నేను రాస్తే నీ ఉత్తరం సంగతి దాచాలి. అది దాస్తే పన్నెండు మందీ కరువులో ఉన్న ఒక్క పనిముట్టునూ ఊరికే వదులుకున్న పిచ్చివాళ్లవుతారు. తాగుబోతులని నువ్వు రాశావు, పిచ్చివాళ్లని నేను రాయాలా?

ఇక్కడ సంగతి విను. దొరువుల్లో నీళ్లు అడుగంటాయి. రమణయ్యగారి పారలు ఇప్పుడు ఆయన తోటలోనే తీరిక లేకుండా ఉన్నాయి, రెండు రోజులు పని చేసినా దొరకడం లేదు. ఏసుమణి, పుష్పకుమారి కొబ్బరిచిప్పలతో, చేతులతో ఇసుక తోడుతున్నారు. పగలంతా తీసింది తెల్లారేసరికి జారిపోతుంది. మొన్న అతని గోళ్లు చూశాను. బడిలో అ ఆలు దిద్దిస్తుంటే ఆ గోళ్లే కనిపిస్తున్నాయి. నాలుగు ఇళ్లవాళ్లు గూడూరు మిల్లులకు పోయారు, పిల్లలతో సహా. నా రెండో తరగతిలో ముగ్గురే మిగిలారు.

రెండో విడత రాకపోవడం వాళ్లకు తెలుసు. ఎందుకు రాలేదో, నువ్వేం రాశావో తెలియదు. నేను చెప్పలేదు.

రేపటి నుంచి సెలవులు. నా కళ్లకు ఆపరేషను చెయ్యాలన్నారు, గూడూరులో పెద్దమ్మ కూతురింట్లో నెలాఖరు దాకా ఉంటాను. కాబట్టి నేను ఊళ్లో ఉండను, మధ్యలో నిలబడి నీకు మాట అందించను. నువ్వొక్కడివే వెళ్లు. ముందు ఆఫీసులో చెప్పు, తర్వాత వాళ్లకు చెప్పు. ఇంతకన్నా నేను ఏం చెప్పను, నిన్ను పెంచిన చేతులు నావే.

అక్క

నెల్లూరు,
24 మే 1961.

అక్కా,

కళ్లకు కట్టు విప్పారా? ఎవరితోనైనా చదివించుకునేటట్టయితే ఈ ఉత్తరం వద్దు. నువ్వే చదవగలిగేదాకా దాచుకో.

ఆఫీసులో చెప్పాను. పోయిన గురువారం క్రీస్తుదాసుగారి గదిలోకి వెళ్లి, జనవరిలో నేను రాసిన ఉత్తరంతో మొదలుపెట్టి అంతా చెప్పాను.  ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయ్యో, అట్టనా? సరే, వచ్చే ఏడు లిస్టులో పెడదాం, గుర్తు చెయ్యి" అన్నారు. అంతే! నెల రోజులు నిద్ర లేకుండా చేసుకున్నది ఆయనకు అంత చిన్న మాట. హెడ్‌గుమాస్తా మాట ఇక ఎత్తరని తెలుస్తూనే ఉంది, అది పోనీ.

ఆ తేలికతోనే ఆదివారం బస్సెక్కాను. కష్టమైనది అయిపోయింది, మనవాళ్ల దగ్గర ఏముందిలే అనుకున్నాను. బూట్లు చిల్లకూరులోనే విప్పి సంచిలో పెట్టుకున్నాను.

ఆరాధన అయిపోయే వేళకు చేరాను. ఊళ్లో మిగిలిన ఎనిమిది ఇళ్లవాళ్లు ఉన్నారు. నన్ను చూడగానే గుసగుసలు. నేను ముందుకు పోయి నిలబడ్డాను. చెప్పాల్సింది దారంతా అనుకుంటూనే వచ్చాను. నోరు తెరవబోయే లోపల సమాధానం తాత లేచాడు. ఆయన వెనక ఏసుమణి, తర్వాత అందరూ. వరసగా నా ముందుకొచ్చారు. నాకేమీ అర్థం కాలేదు.

"సామీ," అన్నాడు తాత, "నువ్వు పెద్దోళ్ల కాళ్లు పట్టుకోని తెచ్చిన పారలు మేం పోగొట్టుకున్నాం. నీకు ఆ పెద్దాయన ముందర తలవంపులు తెచ్చినాం. తప్పయిపొయ్యింది. మమ్మల్ని క్షమించినానని ఒక్క మాట చెప్పు. అది చెప్పకుండా పోబాక."

ఏసుమణి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ రోజు జీపుకాడ నీకు జవాబు చెప్పకుండా తప్పు చేసినా సామీ. టీచరమ్మకు మాట వస్తదని" అన్నాడు. ఆ గోళ్లు చూశాను అక్కా. నువ్వు రాసినదానికన్నా ఘోరంగా ఉన్నాయి.

నా మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. తప్పు మీది కాదు, నాది, మీ మీద తాగుబోతులని రాసింది నేను, ఇంతే చెప్పాలి. రెండు ముక్కలు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. చిన్నపిల్లలు కూడా. వాళ్ల చూపుల్లో నేను ఇంకా పెద్దవాణ్ణే. ఆ ఒక్క క్షణం అది ఎంత హాయిగా ఉందో నీకు రాయాలంటే చెయ్యి రావడం లేదు.

"సరేలే, క్షమించాను" అన్నాను.

అన్నాను అక్కా. తాత నా రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. పుష్పకుమారి ఏడ్చింది. నాకు మజ్జిగ ఇచ్చారు, తాగాను. సాయంత్రం బస్సుకు సమాధానం తాత చిల్లకూరు దాకా తోడొచ్చి, చోటు పట్టి కూర్చోబెట్టి వెళ్లాడు.

హెబ్రోను

తాటిదిబ్బ,
3 జూన్ 1961.

తమ్ముడూ,

కట్టు విప్పారు. నీ ఉత్తరం నేనే చదివాను. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. కనిపించకపోయినా బాగుండేదనిపించింది.

నిన్న ఊరు చేరాను. సామాను దించకముందే ఏసుమణి వచ్చాడు. నువ్వు వచ్చిన సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "మీ తమ్ముడు గొప్పోడమ్మా. ఒక్క కటువు మాట అన్లా. మాకు బరువు దిగిపొయ్యింది" అన్నాడు. నేను గోనెసంచి ముడి విప్పుతూ కూర్చున్నాను, అతని వైపు తిరగకుండా.

వెళ్లబోతూ గడప దగ్గర ఆగాడు. చాలాసేపు నసిగి చివరికి అడిగాడు: "అమ్మా, ఆయన నిజంగానే క్షమించినాడా? పెద్దోళ్లు కదా, పైపైన అన్నాడేమోనని మా ఆడమనిషికి బెంగగా ఉండాది. నీకు ఉత్తరం రాసుంటాడు కదా, అందులో ఏమన్నా ఉందా?"

నీ ఉత్తరం అప్పుడు నా రవికలోనే ఉంది.

"నిజంగానే క్షమించాడు ఏసుమణీ" అన్నాను.

నిన్ను తిట్టడానికి నాకు ఇక హక్కు లేదు. నువ్వు అన్న మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తుందో నాకు తెలిసింది. అతను సంతోషంగా వెళ్లిపోయాడు. నేను రాత్రి అన్నం ముందు కూర్చున్నాను, తినలేకపోయాను.

ఈ పదకొండో తేదీ ఆదివారం ఆరాధన అయ్యాక నేను లేచి నిలబడతాను. మొత్తం చెబుతాను, నీదీ, నాదీ, నిన్నటిదీ. నువ్వు వస్తే నా పక్కన నిలబడు. రాకపోయినా నేను నిలబడతాను. ఎనిమిదిన్నర బస్సు ఎక్కితే అందుకుంటావు.

రెబెక్కమ్మ